ఆరు మీటర్ల కొండ

నేను డ్రైవింగ్ నేర్చుకున్న రోడ్డు మీద ఒక్క సిగ్నల్ లైటూ లేదు. శృంగవరపుకోట దాటి బొడ్డవర చేరేసరికి ఎదురుగా కొండ లేచి నిలబడుతుంది. అక్కడినుంచి అనంతగిరి మీదుగా అరకు దాకా బండిని ఆపేవి మలుపులు, మేకలమందలు, మంచు, ఎదురొచ్చే లారీలు. ఎర్రలైటు అంటే మాకు ముందు బండి బ్రేకులైటే. అందుకే ఆర్టీసీలో చేరి విశాఖపట్నం కాంప్లెక్స్ నుంచి బస్సు తీసిన కొత్తలో సిగ్నల్ అంటే నాకు బెదురుగా ఉండేది. గ్రీన్ పడిందో లేదో వెనకనుంచి హారన్లు మొదలవుతాయి. ఆ మోత భరించలేక ఎక్స్‌లేటరు అడుగంటా తొక్కేవాణ్ని. బస్సు ఒక్కసారి గర్జించి, నల్లపొగ కక్కి, ఊగిపోతూ ముందుకు పోయేది. నిలబడ్డవాళ్లు వెనక్కి తూలేవాళ్లు. వంద గజాలు పోయామో లేదో మళ్లీ రెడ్డు. మళ్లీ బ్రేకు. ఈసారి అదే జనం ముందుకు తూలేవాళ్లు.

గురుద్వారా, తాటిచెట్లపాలెం, ఎన్‌ఏడీ, గోపాలపట్నం, వేపగుంట, పెందుర్తి. అరకు బస్సు కొండ మొహం చూసేలోపు ఇవన్నీ దాటాలి. ఎన్‌ఏడీ దగ్గర ఫ్లైఓవర్ వచ్చాక కొంత నయం. అయినా సిగ్నళ్లు, జంక్షన్లు, అడ్డం పడే ఆటోలు అన్నీ కలుపుకుంటే పెందుర్తి దాటేలోపు ఒక డజను సార్లయినా బండి పూర్తిగా ఆగి మళ్లీ లేవాలి. ఆ లేవడంలోనే అసలు సంగతంతా ఉందని నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది.

డిపోలో ప్రతి డ్రైవరు పేరు పక్కనా ఒక అంకె ఉంటుంది. దాన్ని కేఎంపీఎల్ అంటాం. లీటరు ఆయిల్‌కి బండి ఎన్ని కిలోమీటర్లు నడిచిందన్న లెక్క. డ్రైవర్లు డీజిల్ అనరు, ఆయిల్ అనే అంటారు. నిండు బస్సుకి లీటరుకు ఐదు కిలోమీటర్లు అటూ ఇటూ వస్తుంది. మీ మోటారుసైకిలు యాభై ఇస్తుంటే ఐదేమిటి అనిపిస్తుంది గాని, ఆ ఐదులో యాభై మంది ఉన్నారు. విశాఖ నుంచి అరకు పోయి వస్తే దగ్గర దగ్గర 230 కిలోమీటర్లు. ఐదు వస్తే 46 లీటర్లు, నాలుగున్నర వస్తే 51. ఒకే బండి, ఒకే రోడ్డు, ఒకే లోడు. ఇద్దరు డ్రైవర్ల కాళ్ల మధ్య తేడా రోజుకి ఐదు లీటర్లు. నాకు మొదట్లో నాలుగున్నర కూడా వచ్చేది కాదు. ఘాట్ రోడ్డు కదా, కొండ తాగేస్తోంది అనుకునేవాణ్ని. కొండ మీదకి నెట్టేస్తే మన తప్పు కనపడదు.

నాకు శిక్షణ ఇచ్చిన మాస్టారు ఒక రోజు నా పక్కన కూర్చుని ఊళ్లో తిప్పించారు. ఏమీ అనలేదు. ఒక కాగితం మీద గీతలు గీసుకుంటూ కూర్చున్నారు. తిరిగి గ్యారేజీకి వచ్చాక టీ తాగిన చిన్న గాజుగ్లాసు కడిగించి, మగ్గులోంచి అందులోకి ఆయిల్ పోశారు. నిండా కాదు, అంచుకి వేలెడు కింద దాకా. దాన్ని ఎండలో పెట్టి చూపించారు. లేత పసుపుగా, తేటగా ఉంది.

"ఏటిది?" అన్నారు.

"ఆయిల్ మాస్టారూ."

"రెడ్డు దగ్గర ఆగి, గ్రీన్ పడ్డాక నలభై దాకా లేపినావు గదా, ఒక్కసారి లేపడానికి అయ్యే ఖర్చు ఇది. నేను గీతలు గీసినాను, చూసుకో. పద్దెనిమిది. అందులో ఏడు నువ్వు ఆగనక్కర్లేనివి."

ఆ గ్లాసులోది డెబ్భై మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. ఇవాళ్టి ధరకి ఆరేడు రూపాయలు. ఆగనక్కర్లేనివి అంటే ఏమిటో అప్పుడు అర్థం కాలేదు. రెడ్డు పడితే ఆగాలి కదా! ఆ మాట చాలా ఏళ్లు నాలో నానుతూనే ఉంది.

దాన్ని విడమరచింది మా అమ్మాయి. ఇంటర్ ఎంపీసీ చదివేటప్పుడు సంక్రాంతి సెలవులకి ఇంటికొచ్చింది. నేను టీ గ్లాసు కథ చెబితే నవ్వలేదు. నా పాత లాగ్ షీట్ ఒకటి వెనక్కి తిప్పి లెక్క మొదలుపెట్టింది. బండి కదులుతుంటే అందులో ఉండే శక్తి ఒక పక్క, బండిని ఎత్తుకి చేర్చడానికి కావలసిన శక్తి ఇంకో పక్క రాసింది. రెండూ సమానం అని గీత గీసింది. తర్వాత రెండు పక్కలా ఒక అక్షరాన్ని కొట్టేసింది.

"నాన్నా, బరువు పోయింది చూడు. బస్సయినా స్కూటరయినా ఒకటే. గంటకి నలభై కిలోమీటర్ల వేగంతో పోయే బండిని ఆపేశావంటే, దాన్ని ఆరు మీటర్ల ఎత్తు మీదనుంచి కిందకి పడేసినట్టే. మళ్లీ నలభై అందుకోవాలంటే ఆరు మీటర్ల కొండ ఎక్కించాలి."

కచ్చితంగా అయితే 6.3 మీటర్లు. రెండంతస్తుల మేడ ఎత్తు. నేను కాసేపు ఆ కాగితం వంకే చూస్తూ కూర్చున్నాను. కొండ ఎక్కించడం అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. గేరు గేరుకీ ఇంజను గొంతు ఎలా మారుతుందో, ఆయిల్ ఎలా ఖర్చవుతుందో నా కాలికి తెలుసు. తాటిచెట్లపాలెంలో సమంగా ఉన్న రోడ్డు మీద, రెడ్డు దగ్గర, నా ముందు ఒక కొండ ఉందని మాత్రం నాకెప్పుడూ కనపడలేదు.

"మరి యాభై అయితే?" అన్నాను.

"దగ్గర దగ్గర పది మీటర్లు. అరవై అయితే పద్నాలుగు. ఇరవై అయితే మీటరున్నరే. వేగం రెట్టింపయితే కొండ నాలుగింతలవుతుంది నాన్నా."

అరకులోయ సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంటుంది. ఆరుంపావుతో భాగిస్తే 140 చిల్లర. అంటే మా ఘాట్ మొత్తం కలిపి నూటనలభై ఎర్రలైట్లు. నిండా జనంతో, టాపు మీద సామానుతో, పద్నాలుగు టన్నుల బస్సుని ఉత్తినే పైకి ఎత్తడానికి పదిలీటర్ల దాకా ఆయిల్ అవుతుంది. ఆ పది లీటర్లలో నేను తగ్గించగలిగింది తక్కువ. కొండని ఎవరూ తగ్గించలేరు. ఊళ్లో మాత్రం అలా కాదు. ఆ చిన్న చిన్న కొండల్ని నా కాలే పుట్టిస్తోంది. రెండు సిగ్నళ్ల మధ్య అరకిలోమీటరు ఉందనుకోండి. ముందున్నది రెడ్డులో ఉందని కళ్లకి కనిపిస్తూనే ఉంది. ఒకతను యాభై దాకా పోయి బ్రేకు వేశాడు, పది మీటర్ల కొండ ఎక్కి దూకాడు. ఇంకొకతను ముప్పైఐదు మీద పోయి కాలు తీసేశాడు, ఐదు మీటర్లు కూడా ఎక్కలేదు. ఇద్దరూ అదే గీత దగ్గర, పక్కపక్కనే నిలబడి ఉన్నారు. పది మీటర్లు ఎక్కిన అతని ఆయిల్ ఎక్కడికి పోయిందంటే, బ్రేకు డ్రమ్ముల్లో వేడిగా మారి గాల్లో కలిసిపోయింది. సిగ్నల్ దగ్గర ఆగిన బస్సు చక్రం పక్కన చెయ్యి పెట్టి చూడండి. ఆ సెగ ఎవరో కొన్న డీజిలే.

మాస్టారు ఏడు ఆగనక్కర్లేనివి అన్నది దీన్నే. ఆయన రెడ్డు దాటేసి పొమ్మనలేదు. దూరంనుంచే రెడ్డు కనపడితే అప్పుడే కాలు తీసెయ్యమన్నారు. బండి గేరులోనే ఉండాలి, దాని బరువు మీద అదే దొర్లుకుంటూ రావాలి. మనం చేరేసరికి గ్రీన్ పడిపోవచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆఖరి క్షణం దాకా వేగంగా వచ్చి, గట్టిగా బ్రేకు వేసి, లైను దగ్గర పదీ ఇరవై మీద పాకితే మిగిలేది ఏమీ లేదు. ఇరవై మీద ఉన్న బండిలో మీటరున్నర కొండే దాగి ఉంది. అదే ముందే కాలు తీసి ముప్పై మీద నిలబెట్టుకోగలిగితే మూడున్నర మీటర్లు మిగిలినట్టే, అంటే ఖర్చులో సగం పైన. అందుకే చూపు ముందు బండి బంపరు మీద కాకుండా దూరంగా ఉన్న లైటు మీద ఉండాలి. బస్సు సీటు ఎత్తుగా ఉంటుంది, కార్ల నెత్తి మీదనుంచి అంతా కనపడుతుంది. మాకున్న ఆ వసతిని కొత్తలో నేనస్సలు వాడుకోలేదు.

ఇక గ్రీన్ పడ్డాక ఎలా లేపాలన్నది. ఇందులో రెండు రకాలుగా తప్పు చేస్తారు. ఒకరు నాలాగా అడుగంటా తొక్కేవాళ్లు. రెండోరకం వాళ్లు, మైలేజీ రావాలని ఎవరో చెబితే విని, ఫస్టు గేరులోనే నత్తలా పాకేవాళ్లు. ఈ రెండోవాళ్ల మీద నాకు జాలి. శ్రమ పడతారు, ఫలితం ఉండదు. చిన్న గేరులో ఇంజను ఎక్కువసార్లు తిరుగుతుంది, బండి తక్కువ దూరం కదులుతుంది. తిరిగే ప్రతి చుట్టుకీ ఇంజను తన రాపిడికే కొంత ఆయిల్ తినేస్తుంది. పైగా గ్రీన్ ముప్పై సెకన్లే ఉన్నచోట ముందున్న బస్సు పాకితే వెనక ఏడెనిమిది బళ్లు ఆ గ్రీన్ అందుకోలేక మరో రెడ్డు అంతా ఇంజను ఆన్ చేసుకుని నిలబడతాయి. మన గ్లాసులో మిగిల్చుకుని ఎనిమిది మంది గ్లాసులు ఒలకబోయడం పొదుపు అవుతుందా?

డీజిల్ ఇంజనుకి ఇష్టమైన చోటు ఒకటుంది. ఆర్‌పీఎం మీటరులో పచ్చరంగు గీత ఉంటుంది చూడండి, మా బండికి సుమారు 1200 నుంచి 1600 దాకా. అక్కడ ఇంజను నింపాదిగా, బలంగా లాగుతుంది. చదునులో సెకండు గేరులో లేపాలి. కుడికాలు మడమ నేలకి ఆనించి, ముందుభాగంతో మాత్రమే పెడలుని దించాలి. మడమ గాల్లో ఉంటే బస్సు ఊగిన ప్రతిసారీ కాలూ ఊగుతుంది, ఆయిల్ కూడా ఆ ఊపుకి పడుతుంటుంది. సగానికి కాస్త పైదాకా తొక్కి, సూది పచ్చగీత పైఅంచు తాకేలోపే గేరు మార్చెయ్యాలి. బస్సు రెండు బస్సుల దూరం పోయేసరికి మూడో గేరులో ఉండాలి. ఇంజను గొంతు పైకి పోకముందే పై గేరు అందించడం, ఇంతే. పాత బళ్లలో పొగ చూసి చెప్పేవాళ్లం. అడుగంటా తొక్కితే గాలి చాలక కాలని ఆయిలే నల్లపొగగా బయటికి వచ్చేది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బళ్లలో కంప్యూటరు చూసుకుంటుంది, పొగ కనపడదు. కనపడదు కాబట్టి ఖర్చు లేదనుకునే కుర్రాళ్లని చూస్తే భయమేస్తుంది. ఆ తప్పు మొహం మీద చెప్పే పొగ వాళ్లకి లేదు.

జపాన్‌లో కార్లు నడిపేవాళ్లకి ప్రభుత్వమే ఒక కొలత చెప్పిందట: ఆగినచోటునుంచి మొదటి ఐదు సెకన్లలో ఇరవై కిలోమీటర్ల వేగం. దానివల్ల పది శాతం దాకా పెట్రోలు మిగులుతుందని వాళ్ల లెక్క. నేను బస్సులో ఐదు అంకెలు లెక్కపెట్టి చూశాను. నిలబడ్డ ముసలమ్మ కమ్మీ వదలకుండా ఉండే వేగం సరిగ్గా అదే. అలా లేపితే మనిషికీ మంచిదే, ఆయిల్‌కీ మంచిదే.

ఆగి ఉన్నప్పటి ఖర్చు వేరే. నిలబడ్డ బస్సు ఇంజను గంటకి లీటరు పైనే తాగుతుంది. ఢిల్లీలో 2020లో రెడ్డు పడితే బండి ఆపేయమని పెద్దయెత్తున ప్రచారం చేశారు. మన విశాఖలో సిగ్నళ్ల మీద సెకన్లు లెక్కపెట్టే అంకెలు ఉన్నచోట నిమిషం పైన కనిపిస్తే ఆపేస్తాను. బ్యాటరీ బాగుండాలి, అంతే.

ఇంతకీ కొండ సంగతి. ఆర్టీసీకి ముందు నేను లారీ నడిపాను. యజమాని ట్రిప్పుకి కొలిచి ఆయిల్ పోయించేవాడు. మిగిలింది మాది. అది డబ్బు. అరకునుంచి అల్లం, కొండచీపుర్లు, క్యాబేజీ లోడుతో దిగేటప్పుడు న్యూట్రల్ కొట్టి వదిలేసేవాళ్లం. కొండే తోస్తుంటే గేరెందుకు, ఆయిలెందుకు అనుకునేవాణ్ని. ఒక తెల్లవారుజామున మంచులో అలాగే దిగుతున్నాను. మొదట వాసన వచ్చింది. రబ్బరూ ఇనుమూ కలిసి కాలుతున్న వాసన, బ్రేకు లైనర్లది. తర్వాత పెడలు తొక్కితే గాలి బుస్సుమంటోంది గాని బండి పట్టడం లేదు. పట్టినట్టు పట్టి జారిపోతోంది. స్టీరింగు మీద చేతులు తడిసిపోయాయి. క్లీనరు కుర్రాడు డోరు తీసి చెక్క చేత్తో పట్టుకుని దూకడానికి మెట్టు మీద నిలబడ్డాడు. "అన్నా, గేరెయ్యి, గేరెయ్యి" అంటున్నాడు, ఏడుస్తున్నాడు. వేగంలో గేరు పడదు. ఇంజను రేజ్ చేసి, రెండుసార్లు క్లచ్ కొట్టి, మూడోది తోశాను. ఇంజను కేక పెట్టింది. బండి తగ్గింది, పూర్తిగా ఆగలేదు. లోయ వైపు కాకుండా కొండ వైపు కాలవలోకి ఎడమచక్రాలు దింపేశాను. మట్టి పట్టుకుంది. కుర్రాడు దిగి చక్రం కింద చెక్క పెట్టి, రోడ్డు మీదే కూలబడ్డాడు.

ఆ తప్పు ఎవరి మీదా తొయ్యను. కాలు నాది. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఏమిటంటే, న్యూట్రల్‌లో మిగిలేది కూడా ఏమీ లేదు. గేరులో ఉండి కాలు తీసేస్తే చక్రాలే ఇంజనుని తిప్పుతాయి. అప్పుడు పంపు ఆయిల్ పంపడం మానేస్తుంది. ఒక్క చుక్క పడదు. న్యూట్రల్ కొడితేనే ఇంజను ఆగిపోకుండా ఉండడానికి ఆయిల్ తాగుతూ ఉంటుంది. అంటే ప్రాణం పణంగా పెట్టి ఎక్కువ ఖర్చు చేశాను. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలన్న మాట ఘాట్ డ్రైవర్లకి కొత్తది కాదు. అది భద్రత కోసం చెప్పిన మాటే అనుకున్నాను, పొదుపు కూడా అందులోనే ఉంది. 2021 ఫిబ్రవరి 12న మా ఘాట్‌లోనే డముకు దగ్గర పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు. ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి నా బండిలో మాటలు ఆగిపోతాయి. నేను ఇంకో గేరు తగ్గిస్తాను.

ఎంత జాగ్రత్తగా దింపినా, పది లీటర్లు పోసి ఎక్కించిన ఎత్తంతా దిగేటప్పుడు వేడిగానే పోతుంది. ఆ విషయం నన్ను కలచివేసేది. మన రోడ్డుకి అటూ ఇటూగా కేకే రైలు లైను పోతుంది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా, 58 సొరంగాలు. బైలదిల్లా ఇనపరాయి నింపుకుని గూడ్సులు కొండ దిగి విశాఖ వస్తాయి. కొత్తరకం ఎలక్ట్రిక్ ఇంజన్లు దిగేటప్పుడు బ్రేకు వేస్తే కరెంటు తయారై తిరిగి పైతీగలోకి పోతుంది. ఆ కరెంటు ఇంకెక్కడో కొండ ఎక్కే బండికి అందుతుంది. 2022 సెప్టెంబరులో తిరుపతి నుంచి తిరుమలకి కరెంటు బస్సులు మొదలైనప్పుడు అక్కడ పనిచేసే స్నేహితుణ్ని నేను అడిగిన మొదటి ప్రశ్న ఇదే: దిగేటప్పుడు బ్యాటరీ ఎంత పెరుగుతోంది? "పెరుగుతాది గురూ, కళ్ల ముందే పెరుగుతాది" అన్నాడు. ఎక్కిన కొండలో కొంతయినా వెనక్కి ఇచ్చే బండి. మా ఘాట్‌లో అలాంటి బస్సు ఒక్కసారైనా దింపాలని ఉంది.

ఇదంతా తెలిశాక నాలో ఒక పీనాసితనం వచ్చింది. అది చెప్పుకోవాలి. పల్లెవెలుగు బస్సు మీద చెయ్యి ఎత్తినచోట ఆపబడును అని రాసి ఉండేది. మా వైపు సంతరోజున ప్రతి మలుపు దగ్గరా ఒక చెయ్యి లేస్తుంది. వలిసెలు, పిప్పళ్లు, అల్లం, చింతపండు, అడ్డాకుల కట్టలు. ఘాట్ ఎక్కుతూ ఆపితే మళ్లీ లేపడం కష్టం. హ్యాండ్‌బ్రేకు మీద పట్టుకుని, ఫస్టు గేరులో, హాఫ్ క్లచ్ మీద ఇంజను వణుకుతుంటే వదలాలి. కేఎంపీఎల్ పిచ్చి తలకెక్కిన రోజుల్లో ఒకసారి అనంతగిరి కింద ఒక ముసలమ్మ చెయ్యెత్తితే చూడనట్టు పోయాను. అద్దంలో కనపడింది. గంపని నెత్తి మీదనుంచి దింపలేదు, అలాగే నిలబడి బస్సు వెనకే చూస్తోంది. మా అమ్మ కూడా అలాగే నిలబడేది. సంతకి అల్లం మోసుకుపోయి, తిరిగి వచ్చేటప్పుడు ఆగని జీపుల వెనక చూస్తూ. ఆ రాత్రి అన్నం సహించలేదు.

తర్వాత మా అమ్మాయి కాగితం మళ్లీ తీశాను. ఘాట్‌లో ఎక్కేటప్పుడు మా వేగం ఇరవై. ఇరవై దగ్గర ఆపితే ఖర్చు మీటరున్నర కొండ. ఊళ్లో ఒక్క రెడ్డు దాకా పనిలేకుండా నలభై మీద ఉరికితే ఆరుంపావు. అంటే నేను గోపాలపట్నంలో తిన్నగా కాలు తీసిన ఒక్క సిగ్నల్‌తో నలుగురు ముసలమ్మల్ని ఎక్కించుకోవచ్చు. క్లచ్ అరుగుదల వేసుకున్నా ముగ్గురు. ఆయిల్ పోసేది వాళ్లని ఎక్కించుకోవడానికే కదా. మనిషిని ఎక్కించుకునే ఆగడం బస్సు పని. ఎవరూ ఎక్కని, ఎవరూ దిగని ఆగడానికి పెట్టిన ఖర్చే దండగ. ఆ రోజునుంచి ఘాట్‌లో ఏ చెయ్యినీ వదల్లేదు. నా అంకె ఐదు దాటింది కూడా ఆ తర్వాతే. తగ్గించవలసింది ఎక్కడో అప్పటికి తెలిసింది కాబట్టి.

ఇప్పుడు రోడ్డు మారుతోంది. ఇది 516ఈ జాతీయ రహదారి అయింది, వెడల్పు చేస్తున్నారు. మలుపుల దగ్గర ఆగి దారి ఇచ్చుకోవడాలు తగ్గుతాయి. ఒకప్పుడు రెండు బళ్లు ఎదురైతే ఎక్కేవాడికి దారి వదలడం మర్యాదగా ఉండేది, ఎందుకంటే ఎక్కుతూ ఆగినవాడికి మళ్లీ లేవడం కష్టం. దిగేవాడు ఆగేవాడు. రోడ్డు వెడల్పయినా ఆ మర్యాద పోకూడదని నా కోరిక. పర్యాటకుల కార్లు నడిపేవాళ్లు చాలామంది అది పాటించరు. మలుపులో ఎదురొచ్చి హారన్ కొడతారు. వాళ్లకి నిలబడిపోయిన బస్సు కనిపిస్తుంది. బస్సులో ఉన్న పద్నాలుగు టన్నులు కనిపించవు.

పోయిన చలికాలం ఒక కొత్త కుర్రాణ్ని నాతో పంపారు. పాడేరు వైపు వాడు. ఘాట్‌లో చెయ్యి తిరిగినవాడే, ఊళ్లో మాత్రం నాలాగే బెదురు. వారం రోజులు పక్కన కూర్చున్నాను. మడమ నేలకి ఆనించు, సూది చూడు, దూరంగా చూడు, ఇవే మాటలు. గ్లాసులో ఆయిల్ కూడా పోసి చూపించాను. మా మాస్టారు చూపించినట్టే, ఎండలో పెట్టి. వాడు గ్లాసు పట్టుకుని చాలాసేపు చూసి, "ఇంత సిన్న గ్లాసులు నేనెన్ని తాగించీసినానో గురువుగారూ" అన్నాడు. మొహం చిన్నబుచ్చుకున్నాడు. నేను వాడి భుజం మీద చెయ్యి వేశాను.

ఆఖరి రోజు అరకునుంచి తిరుగు ట్రిప్పు. పెందుర్తి దాటేసరికి రాత్రి తొమ్మిది. బండి నిండా జనం, సగం మంది నిద్ర. నా వెనక సీటులో ఒకావిడ ఒళ్లో గోనెసంచి పెట్టుకుని దాని మీదే తల ఆనించి పడుకుంది. సంచిలోంచి పచ్చి అల్లం వాసన. వేపగుంట వచ్చేసరికి దూరంగా రెడ్డు కనపడింది. నేను నోరు తెరవబోయి ఆగాను. వాడి కాలు అప్పటికే పెడలు మీదనుంచి లేచింది. ఇంజను చప్పుడు సద్దుమణిగింది, టైర్ల చప్పుడు మాత్రమే మిగిలింది. పక్కనుంచి ఒక కారు రయ్యిన దూసుకుపోయి గీత దగ్గర ముక్కు వంచుకుని ఆగింది. మేము దొర్లుకుంటూ వస్తున్నాం. ముప్పైఐదు, ముప్పైరెండు, ముప్పై. గ్రీన్ పడింది. వాడు మూడో గేరులోకి వచ్చి మెత్తగా కాలు ఆనించాడు. బస్సు ఆగకుండానే జంక్షన్ దాటింది. అద్దంలో వెనక్కి చూశాను. ఆవిడ నిద్ర లేవలేదు. తల సంచి మీదనుంచి కాస్తయినా కదలలేదు.